మాహిరా రాయని పరీక్ష

షార్జా అల్ నహ్దాలో, ఆరో అంతస్తులో, పొద్దున్న ఏడున్నరకి హబీబున్నీసా పెనం మీద దోశ తిరగేస్తుండగా ఫోను మోగింది. ఒక చెవిలో ఫోను, రెండో చెవిలో కిటికీ ఏసీ చేసే గుర్రు. ఆ గుర్రు మధ్య నుంచి ఎవరో ఆడమనిషి గుక్క తిప్పుకోకుండా హిందీలో ఏదో చెప్పి, రేపు పది గంటలకి అందర్నీ ఆఫీసుకి రమ్మని పెట్టేసింది. అంత మాటల్లో హబీబున్నీసా చెవికి స్పష్టంగా తగిలింది ఒకే ఒక్క మాట: సెటిల్‌మెంట్.

మన ఊళ్లో ‘సెటిలయ్యాడు’ అంటే స్వీట్లు పంచుతారు. గల్ఫులో ‘సెటిల్‌మెంటయింది’ అంటే సూట్‌కేసు సర్దుతారు. అక్కడ స్థిరపడటం, ఇక్కడ స్థలం ఖాళీ చెయ్యడం. ఉద్యోగం ఖలాస్, వీసా ఖలాస్, విమానం తయార్.

దోశ మాడింది. అందులో దోశ దోషం ఏమీ లేదు.

"అయూబ్! ఒరే అయూబ్!"

హబీబున్నీసా తమ్ముడు అయూబ్ సగం గడ్డం గీసుకుని, సగం నురగతో బాత్‌రూంలోంచి తల బయటపెట్టాడు. అతను టైపింగ్ సెంటర్లో పని చేస్తాడు. వీసా దరఖాస్తులు, లైసెన్సు దరఖాస్తులు, ఏది కావాలంటే అది కొట్టి ఇస్తాడు. అక్షరాలు కొట్టడం అయ్యాక మిగిలిన టైములో డబ్బా కొడతాడు.

"ఏందాపా, నిప్పంటుకుందా?"

"నిప్పయితే నీళ్లన్నా పోద్దును. మీ దూలాభాయ్‌కి, అదే మా ఆయనకి, సెటిల్‌మెంటంటరా!"

"ఎవరు చెప్పినారు?"

"ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి. హిందీలో."

"హిందీలోనా? అయితే కాదులే. ఉద్యోగం పీకేవాళ్లు ఇంగ్లీషులోనే పీకుతారు ఆపా, అదీ కాగితం మీద."

అన్నాడు కానీ అతనికీ నమ్మకం చాల్లేదు. ఆ నురగ మొహంతోనే వచ్చిన నంబరుకి తిరిగి ఫోను చేశాడు. రెండు నిమిషాలు విన్నాడు, నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ సోఫాలో కూలబడ్డాడు.

"సెటిల్‌మెంట్ కాదంట ఆపా, అసెస్‌మెంట్! మన మాహిరాకి బడి ఫీజు కట్టే ట్రస్టు ఆఫీసు నించి విజయదుర్గ అని, మన తెలుగావిడే. మాహిరా అసెస్‌మెంట్ పరీక్ష సంగతి మాట్లాడాలంట."

హబీబున్నీసా కూడా కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు మొగుడికి కూడా పంచాలని అల్ కుసైస్ వర్క్‌షాపుకి ఫోను చేసింది. మొహిద్దీన్ అక్కడ అల్యూమినియం కోసి, చట్రాలు చేసి, అద్దాలు బిగిస్తాడు. ఆయన అద్దాలు బిగించే కొద్దీ ఇక్కడ అద్దె బిగుసుకుంటోంది, అది వేరే సంగతి.

"ఏమండీ, నవ్వకుండా వినండి. నేను సెటిల్‌మెంట్ అనుకుని దోశ మాడబెట్టినా. చూస్తే మన పిల్ల అసెస్‌మెంటంట!"

అవతల రంపం చప్పుడు ఆగిపోయింది. మొహిద్దీన్ నవ్వలేదు.

"ఏమన్నారు వాళ్లు?"

"రేపు అందర్నీ రమ్మన్నారు. బాగా రాసిందని పొగుడుతారేమో."

 ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నేను ఇంటికొస్తా ఉండా."

హబీబున్నీసా ఫోను పెట్టేసి అలాగే నిలబడిపోయింది. పధ్నాలుగేళ్ల కాపురంలో గులాం మొహిద్దీన్ డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చింది లేదు. మాహిరా పుట్టిన రోజున కూడా షిఫ్టు పూర్తి చేసుకునే ఆసుపత్రికి వచ్చాడు.

*

మొహిద్దీన్ కంపెనీ ముదీర్, అంటే పెద్ద సారు, తన తండ్రి పేరు మీద ఒక ట్రస్టు పెట్టాడు. పనివాళ్ల పిల్లలు తమకి నచ్చిన బడి ఏదైనా ఎంచుకోవచ్చు, ఫీజు ట్రస్టే నేరుగా బడికి కడుతుంది. అంతకుముందు మాహిరా చదివిన బడిలో ఒక్క గదిలో రెండు తరగతులు, ఒక్క టీచరుకి మూడు సబ్జెక్టులు. స్కాలర్‌షిప్ రాగానే హబీబున్నీసా మూడు బస్సులు మారి ఆరు బడులు చూసొచ్చింది. ఒక బడిలో లైబ్రరీ చూసి, ఆ చల్లదనానికి కాసేపు అక్కడే కూర్చుండిపోయింది. ఆ బడే ఎంచుకుంది. మొహిద్దీన్ కొలత టేపుతో జీవితమంతా ఇతరుల తలుపులు కొలిచిన మనిషి. తన పిల్లకి ఒక తలుపు తెరుచుకుంటే దాన్ని తాకడానికి కూడా భయపడ్డాడు.

షరతు ఒక్కటే. ఏడాదికోసారి ట్రస్టు పెట్టే పరీక్ష రాయాలి. ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం వస్తే అయూబే చదివి చెప్పాడు. "పరీక్ష ఉంటది, రిజల్టు ట్రస్టుకి పోతది, లేకపోతే స్కాలర్‌షిప్ క్యాన్సిల్." అంతే చెప్పాడు. ఆ రోజు అతనికి క్రికెట్ మ్యాచ్ ఉంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఆ పరీక్ష. పొద్దున్నే హబీబున్నీసా మాహిరాకి తల దువ్వి, రెండు పెన్సిళ్లు చెక్కి, దువా చదివి మొహాన ఊది, తండ్రి వెంట పంపింది. మధ్యాహ్నం ఇద్దరూ తిరిగొచ్చారు. ఎట్లా రాశావంటే మాహిరా "బాగానే" అంది. పదమూడేళ్ల పిల్ల ‘బాగానే’ అంటే ఎవరైనా ఇంకేం అడుగుతారు?

*

పర్మిషన్ దొరికి మొహిద్దీన్ మధ్యాహ్నానికి వచ్చాడు. అన్నం వద్దన్నాడు, మంచినీళ్లు కూడా వద్దన్నాడు. గోడకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. ఏమైందని హబీబున్నీసా నాలుగు రకాలుగా అడిగింది. నాలుగింటికీ ఆయన దగ్గర ఒకటే జవాబు: "పిల్ల రానీ."

రెండున్నరకి మాహిరా వచ్చింది. వాకిట్లో తండ్రి చెప్పులు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. భుజం మీద బ్యాగు దించలేదు. అమ్మ వైపు చూడలేదు, నేరుగా తండ్రి మొహంలోకి చూసింది. ఆ చూపుతోనే హబీబున్నీసాకి తెలిసిపోయింది, ఈ ఇద్దరి మధ్యా ఏదో ఉంది, అందులో తను లేదు.

"మాహిరా, ఆ పొద్దు నువ్వు పరీక్ష రాసినావా?"

"అది కాదు హబీబా, నేను..."

"మిమ్మల్ని అడగలే."

మాహిరా బ్యాగు పట్టీ నలుపుతూ నిలబడింది. "రాయలేదు అమ్మీ."

"మరి యాడికి పొయినారు?"

"రోలాలో క్లినిక్కి. నాకు జ్వరమని డాక్టరు దగ్గర చీటీ రాయించాడు అబ్బా. తర్వాత పార్కులో కూర్చున్నాం. నువ్వు కట్టిచ్చిన పులావు అక్కడే తిన్నాం."

హబీబున్నీసా కింద కూర్చోలేదు, కూలింది. "నేను దువా చదివి పంపితే, మీరు పొయ్యి దొంగ జ్వరం రాయించుకొచ్చినారా?"

మొహిద్దీన్ తల ఎత్తలేదు. "నయీమ్ గుర్తున్నాడా నీకు?"

ఎందుకు గుర్తుండడు? నెల్లూరి పక్క మనిషే, ఈ ఫ్లాటు తీసుకోకముందు పనివాళ్ల క్యాంపులో మొహిద్దీన్‌కి పక్క మంచం. మూడేళ్లకోసారి వీసా రెన్యువల్‌కి మెడికల్ చేయించుకోవాలి, రక్తమూ ఎక్స్‌రే. నయీమ్ ఛాతీ ఎక్స్‌రేలో గోరంత నీడ కనిపించింది. ఫైలు మీద ‘అన్‌ఫిట్’ అని ముద్ర పడింది. వారం తిరక్కుండా విమానం ఎక్కించారు. వాడి దుప్పటి కూడా మంచం మీదే ఉండిపోయింది. అప్పట్నించీ ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఏర్పడింది. మెడికల్ తేదీ దగ్గర పడ్డాక ఎవరికైనా దగ్గొస్తే మిగతావాళ్లు ముందుగా చెప్పే మాట, తేదీ మార్చుకో. చీటీ తెచ్చుకో. దగ్గు తగ్గాక పో. పరీక్షకి దొరక్కపోతే ఫెయిలవ్వవు.

"పిల్ల కొత్త బడిలో లెక్కల్లో ముప్పై ఒకటి తెచ్చుకుంది," అన్నాడు మొహిద్దీన్. "పేపరు నాకు చూపించింది, నీకు భయపడి దాచింది. ఆ మార్కులతో ట్రస్టు పరీక్షకి పోతే ఏమయితది? అన్‌ఫిట్ అంటారు. తేదీ దాటిస్తే ఈలోపు నేర్చుకుంటది కదా అనుకున్నా."

ఆయన దృష్టిలో అవి మార్కులు కావు, ఎక్స్‌రే మీద మరకలు.

"చదువేమన్నా దగ్గా, తగ్గేదాకా దాచిపెట్టడానికి?" హబీబున్నీసా గొంతు పక్క ఫ్లాటుకి వినిపించేంత లేచింది. "నన్నొక్క మాట అడిగితే ఏం? ఆరు బడులు తిరిగింది నేను! అరికాళ్లు బొబ్బలెక్కింది నాకు!"

"నీకు చెబితే పంపేదానివి."

"పంపేదాన్నే! ఫెయిలైతే ఫెయిలయ్యేది! ఇంట్లో ఇద్దరు కలిసి నన్ను ఫెయిల్ చేస్తారనుకోలా!"

"అమ్మీ, అరవొద్దు," అంది మాహిరా. ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, అదే హబీబున్నీసాని ఎక్కువ భయపెట్టింది. "నా వల్ల కాదు కాబట్టే తీసుకుపోలేదు అబ్బా. నాక్కూడా అర్థమైంది. అందుకే ఇప్పుడు క్లాసులో టీచరు అడిగితే జవాబు తెలిసినా చెయ్యెత్తట్లేదు. అబ్బాకే తెలుసు కదా నాకు రాదని. ఇంక టీచరుకి కూడా తెలియడమెందుకు?"

మొహిద్దీన్ మొహం ఎత్తాడు. అప్పుడు ఆయన కళ్లలోకి ఎవరూ చూడలేరు.

"నేను అట్లా అనుకోలేదు బిడ్డా..."

"అబ్బా," అంది మాహిరా. అంతే అంది. తెలుగులో దెబ్బ తగిలినవాళ్లు కూడా ఆ మాటే అంటారు. ఆ పిల్ల తండ్రిని పిలిచిందో, నొప్పిని పిలిచిందో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

టైపింగ్ సెంటర్ నించి అప్పుడే వచ్చిన అయూబ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. జీవితంలో మొదటిసారి డబ్బా కొట్టకుండా నెమ్మదిగా అడిగాడు. "దూలాభాయ్, నడుమ ట్రస్టు నించి ఇంకో కాగితమేమన్నా వచ్చిందా?"

మొహిద్దీన్ చొక్కా లోపలి జేబులోంచి మడతలు పడ్డ కవరు తీశాడు. కంపెనీ పోస్టు బాక్సుకి మార్చిలో వచ్చింది. విప్పలేదు. అన్‌ఫిట్ కాగితమే అయివుంటుందని నెల్లాళ్లు గుండె మీద పెట్టుకుని తిరిగాడు. ఇంట్లో పెడితే హబీబా చూస్తుంది, పారేస్తే పాపం.

అయూబ్ కవరు చించి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత కాగితం కిందికి దించాడు.

"అనారోగ్యంతో రాయలేకపోయిన పిల్లలకి ఇంకో తేదీ ఇచ్చినారు. మార్చి ఇరవై నాలుగు."

గోడ మీద క్యాలెండరు ఏప్రిల్ పదిహేడు చూపిస్తోంది.

*

మర్నాడు నలుగురూ అల్ కుసైస్‌లోని ట్రస్టు ఆఫీసుకి వెళ్లారు. హాల్లో చిన్న తరగతుల పిల్లలకి ఆ రోజు పరీక్ష. మెడలో నంబరు అట్టలు వేసుకుని పిల్లలు, వాళ్ల వెనక మొహాలు మాడ్చుకున్న తండ్రులు. వాళ్లని దాటుకుని లోపలి గదిలోకి పోయారు.

విజయదుర్గ కాకినాడ మనిషి. ముఖం గంభీరంగానే ఉంది కానీ వాళ్లకోసం కుర్చీలు తనే లాగి వేసింది.

"చెప్పండమ్మా, మార్చిలో కూడా ఎందుకు రాలేదు?"

హబీబున్నీసా రాత్రంతా దాచుకున్న ప్రశ్న అప్పుడు బయటపెట్టింది. "ఒక్క మాట చెప్పండి మేడం. పాస్ మార్కు ఎంత? మా పిల్ల ఇప్పుడు ట్యూషనుకి పోతది, ఎంత తెమ్మంటే అంత తెస్తది."

"పాస్ మార్కా?" విజయదుర్గ అర్థంకానట్టు చూసింది. "ఏ పాస్ మార్కండీ?"

"అదే, ఎంత రాకపోతే తీసేస్తారో అది."

విజయదుర్గ పెన్ను కింద పెట్టింది. "ఈ పరీక్షకి పాసూ ఫెయిలూ లేవండి. మీ పాప సున్నా తెచ్చుకున్నా ఫీజు కడతాం. మీరు బడి ఎంచుకున్నారు, మేం డబ్బు కడుతున్నాం. ఆ బడి చెప్పాల్సినంత చెబుతోందా లేదా అని మీకూ మాకూ తెలియాలి కదా. తక్కువొచ్చిందనుకోండి, మేం వెళ్లి బడిని అడుగుతాం, లేదంటే ట్యూషన్ పెట్టిస్తాం. ఈ పరీక్ష పిల్లకి కాదండీ, బడికి. పిల్ల వచ్చి కూర్చుని రాస్తే చాలు. షరతు అదొక్కటే."

 బయట హాల్లో ఎవరో పిల్ల తుమ్మింది.

"కూర్చుంటే చాలా?" అన్నాడు మొహిద్దీన్.

"కూర్చుంటే చాలండి."

"సున్నా వచ్చినా?"

"సున్నా వచ్చినా."

"నా తప్పే దూలాభాయ్," అన్నాడు అయూబ్. "నాలుగు పేజీలు చదివినా, మూడు ముక్కలు చెప్పినా. రోజూ నేను కొట్టే ఫారాలన్నిట్లో ఫిట్టూ అన్‌ఫిట్టూ అని రెండు గళ్లుంటాయి. దీంట్లో లేవని చూసి కూడా నాకు తట్టలా."

"ఇప్పుడు రాస్తది మేడం," హబీబున్నీసా బల్ల అంచు పట్టుకుంది. "ఇక్కడే, ఈ కుర్చీలోనే రాస్తది. ఆ పేపరియ్యండి."

"ఇంకో అవకాశం ఇమ్మని నిన్ననే ముదీర్ గారిని అడిగానమ్మా. రెండు తేదీలిచ్చాం, ఇంకో కుటుంబం ఏడాదిగా ఎదురు చూస్తోంది అన్నారు. మీ చోటు వాళ్లకి ఇచ్చేశారు. వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకోండి. నా చేతిలో ఉంటే..." విజయదుర్గ ఫైలు మూసి దాని మీద చెయ్యి పెట్టింది.

స్కాలర్‌షిప్పు అన్న మాటలో ఒక షిప్పు ఉంది. అది వాళ్ల కళ్ల ముందే మునిగింది, తుఫాను లేకుండా, చిల్లు లేకుండా, తీరానికి కట్టిన చోటే.

హబీబున్నీసా మనసులో అన్నీ వరసగా జరిగిపోయాయి. ఈ బడికి ఫీజు కట్టే తాహతు లేదు. పాత బడిలో సీట్లు నిండిపోయాయి. చదువు లేకుండా పిల్లని ఏడాది ఇంట్లో కూర్చోబెట్టలేరు. అంటే అక్కడ బడులు తెరిచే జూన్‌కి తనూ మాహిరా నెల్లూరికి. ఈయన మళ్లీ క్యాంపుకి, బంకు మంచానికి. ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ వచ్చినా, ఒకసారి వదిలేసిన ఫ్లాటు ఈ అద్దెల్లో మళ్లీ దొరుకుతుందా? ఆమెకి మొగుణ్ణి తిట్టాలని కూడా అనిపించలేదు. తిట్టాలంటే కాస్త ఆశ ఉండాలి.

నలుగురూ బయటికొచ్చారు. హాల్లో ఒక మనిషి లేచి ఎదురొచ్చాడు. గోదావరి జిల్లా పెద్దిరాజు, కంపెనీ వ్యాను డ్రైవరు. పక్కన నాలుగో తరగతి చదివే కూతురు మాణిక్యం.

"ఆయ్, మొహిద్దీన్ భాయ్! మీరు చెప్పిందే చేశానండి," అన్నాడు గొంతు తగ్గించి. చేతిలో చీటీ విప్పి చూపించాడు. రోలా క్లినిక్ ముద్ర. "పాపకి జ్వరమని రాయించేశాను. లెక్కలంటే దీనికి వణుకండి. చీటీ ఇచ్చేసి పోదామని."

మొహిద్దీన్ ఆ చీటీ వైపు చూశాడు. హాలంతా చూశాడు. ఇంకో ఇద్దరు తండ్రుల చేతుల్లో కూడా అలాంటి మడత కాగితాలే ఉన్నాయి. ఫిబ్రవరి నించీ టీ బ్రేకుల్లో తను పంచిన తెలివి అది.

పనిలో ఫోర్‌మన్ అరిచినా తల వంచుకుని ఊరుకునే మనిషి, ఆ హాలు మధ్యకి నడిచాడు.

"అందరూ వినండి," అన్నాడు. ఒకరిద్దరే తిరిగి చూశారు. మళ్లీ అన్నాడు. "వినండయ్యా. చీటీలు చించేయండి. నేను మీకు తప్పు చెప్పినా. ఇది మెడికల్ కాదు. దీంట్లో ఫిట్టూ అన్‌ఫిట్టూ లేవు. పాస్ మార్కు లేదు. సున్నా వచ్చినా ఫీజు కడతారు. పిల్లలు లోపలికి పోయి కూర్చుంటే చాలు. రాకపోతేనే పోతది. నేను నా బిడ్డని రానియ్యలా. రెండు తేదీలు దాటించినా. ఇప్పుడు నా బిడ్డ జూన్‌లో ఇండియాకి పోతా ఉంది."

ఎవరో "అయ్యో" అన్నారు.

"దానికి రాదని కాదు." ఆయన మాహిరా వైపు తిరగలేకపోయాడు, ఎదుటి గోడకే చెప్పాడు. "దానికి అన్నీ వస్తాయి. రానిది నాకు. నా బిడ్డ మీద నమ్మకం పెట్టుకోవడం నాకు రాలా."

మాహిరా ఏడ్చింది. నిన్నటి నించీ ఒక్క చుక్క రాల్చని పిల్ల హాలు మధ్యలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్లి తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుంది. మొహిద్దీన్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన మొహానికి అదుముకున్నాడు. హబీబున్నీసా చూస్తూ నిలబడింది. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ ఇద్దరి మధ్య తనకీ చోటు ఉందని అనిపించి, వెళ్లి పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

మాణిక్యం మాహిరా చున్నీ లాగింది. "అక్కా, తెలీని లెక్క వస్తే ఏం చెయ్యాలి?"

మాహిరా కళ్లు తుడుచుకుంది. "వదిలేసి పక్కది చెయ్యి. ఏమీ రాకపోయినా లేచి రావద్దు. గంట కొట్టేదాకా కూర్చో."

పెద్దిరాజు చీటీని నాలుగు ముక్కలు చేసి, పిల్లని లోపలికి తోశాడు. తలుపు దగ్గరికి ఇంకో ఇద్దరు పిల్లలు పరిగెత్తారు. వెనక బల్ల మీంచి అప్పుడే వచ్చిన ఒకాయన లేచి, "ఏంటి భాయ్ గొడవ? ఇంతకీ పాస్ మార్కెంతంట?" అన్నాడు.

మొహిద్దీన్ మొహం తుడుచుకుని ఆయనకి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు ఆగిపోయిన చోటల్లా మాహిరా అందుకుని చెప్పింది.